టిఫిన్ సెంటర్ బోర్డుకి బలూ తమ్ముడు ఫాంట్ ఎలా ఉంటుంది?

బోర్డు_బాధలు: మా బావ టిఫిన్ సెంటర్ పెడుతున్నాడు, బోర్డు డిజైన్ నా నెత్తిన పడింది. 10 అడుగులు, 3 అడుగులు. పైన ‘కృష్ణా టిఫిన్స్’, కింద ఐటమ్స్ లిస్టు. బలూ తమ్ముడులో అక్షరాలు బొద్దుగా ముద్దుగా ఉన్నాయి. బోర్డంతా అదే పెట్టేయొచ్చా?

రేడియం_కటింగ్: పేరు వరకు కళ్లు మూసుకుని పెట్టండి. స్టిక్కర్ పనిలో నాకు ఇలాంటి ఫాంటే హాయి. మూలలు పదునుగా ఉంటే ఆటో వెనకాల రెండు వానలకే కొస లేస్తుంది. గుండ్రంగా ఉంటే లేవడానికి కొసే ఉండదు. ఒక్క జాగ్రత్త: వత్తు పై అక్షరానికి తగులుతుంటే ముందే వెల్డ్ చేయండి, అంటే రెండింటినీ ఒకే ఆకారంగా కలిపేయండి. లేదంటే బ్లేడు రెండు గీతలూ కోసేసి ముక్కలు చేతికొస్తాయి.

కరపత్రం: లిస్టుకి మాత్రం వద్దండీ. ఒకసారి గుడి కరపత్రం మొత్తం ఇలాంటి లావు ఫాంటులోనే కొట్టాను. చిన్న సైజులో ‘రథోత్సవం’ థ లోపలి చుక్క ఇంకుతో నిండిపోయింది. ధ కింది గీత కూడా అంతే, ద లాగే కనిపించింది. వెయ్యి కాపీలు!

గుండ్రాలు: బలూ మొదట ఒకటే బరువులో, అంటే ఒకటే గీత మందంలో వచ్చింది, అదీ బాగా లావు. తర్వాత వచ్చిన బలూ తమ్ముడు 2లో 400 నుంచి 800 దాకా ఐదు బరువులున్నాయి. పేరుకి 800, లిస్టుకి 500 పెడితే ఇంటి పోలిక పోదు. ముంబైలో ఫాంట్లు చేసే ఎక్ టైప్ సంస్థ వాళ్ల పని ఇది, ఓపెన్ ఫాంట్ లైసెన్స్ కాబట్టి దుకాణాల బోర్డులకీ ఉచితమే. ఇదే బలూ తమిళానికి తంబి, మలయాళానికి చేట్టన్, పంజాబీకి పాజీ... పేర్లే సగం ఆకర్షణ. ఇంకా దిట్టంగా కావాలంటే రామభద్ర ఫాంట్ చూడండి. అయినా మన అక్షరాలు పుట్టుకతోనే గుండ్రం కదా! ఇంగ్లిషులో కొట్టొచ్చినట్టు కనిపించే గుండ్రదనం తెలుగులో తలకట్టు కొసల్లోనే తెలుస్తుంది.

ఫ్లెక్సీ_అన్న: నేనైతే శ్రద్ధాంజలి ఫ్లెక్సీకి పెట్టి తిట్లు తిన్నాను. పైన పెద్దాయన ఫొటో, కింద అక్షరాలు బర్త్‌డే పార్టీకి పిలుస్తున్నట్టు ఉన్నాయి. టిఫిన్లకి, పిల్లల బడికి, ఐస్‌క్రీముకి ఓకే.

బోర్డు_బాధలు: 800, 500 పెట్టాను, బాగుంది. కానీ ఫొటోషాప్‌లో ‘ష్ణా’ విడిపోయి ణ పక్కకొచ్చి కూర్చుంది. టెన్షన్ పెడుతోంది.

గుండ్రాలు: మీది పాత ఫొటోషాప్ అయితే ప్రిఫరెన్సెస్‌లో టైప్‌కి వెళ్లి వరల్డ్ రెడీ లేఅవుట్ ఎంచుకోండి, తర్వాత కొత్త ఫైల్ తెరిచి టైప్ చేయండి. పాత ఫైల్‌లో ఒక్కోసారి అలాగే ఉండిపోతుంది. లైన్ల మధ్య ఖాళీ కూడా పెంచండి, ణ వత్తు కింద ఇడ్లీ గుడి దీర్ఘానికి తగలకూడదు.

బోర్డు_బాధలు: వచ్చేసింది! ఇప్పుడు బావ పక్కన దోసె బొమ్మ కావాలంటున్నాడు. ఈ లావు అక్షరాల పక్కన చోటెక్కడుంది?