సవర గోడబొమ్మకి మ్యూజియం లేబుల్ ఎవరు రాయాలి?

ప్రశ్న: మాది పర్లాకిమిడి. కాలేజీలో తెలుగు చెప్తాను. మ్యూజియంలో పనిచేసే మిత్రుడొకరు సవర గిరిజనుల గోడబొమ్మ ఇడితాల్ మీద లేబుల్ రాసిమ్మన్నారు. నాలుగు పేజీలు ఇచ్చాను. ఆయనకి నాలుగు వాక్యాలు చాలట! అర్థం పోకుండా కుదించేదెలా?

జవాబు: మాష్టారూ, నిలబడి చదివేవాడికి ఓపికెంత? ఇంటి లోపలి గోడమీద, బియ్యప్పిండితో, దేవతలకీ చనిపోయిన పెద్దలకీ వేసేదని చెప్పండి. అలంకారం కాదని తప్పక రాయండి. మిగతాది కేటలాగులోకి.

మరో జవాబు: లేబుల్లో మొదట రావాల్సింది బొమ్మ వేసినవారి పేరు, ఊరు. సవర భాషలో ఆడియో కూడా పెట్టించండి. గిడుగు రామమూర్తి గారు ఆ భాష నేర్చుకున్నది మీ ఊళ్లో ఉండగానే కదా!

ప్రశ్న వేసినవారు: ఆడియో బాగుంది. గుణుపురం వైపు ఇడితాల్ వేసే తాతగారున్నారు, ఆదివారం మిత్రుణ్ణీ తీసుకెళ్తా. తాతగారికి ఇచ్చే డబ్బు ఎవరి ఖాతాలోంచన్నదే టెన్షన్.