లేత్ దగ్గర ఉలులు, చక్ తాళం ఎక్కడ పెట్టుకుంటున్నారు?

కావలి రేకుల షెడ్డు:

అందరికీ నమస్కారం. ఇంటి వెనక 10 అడుగుల రేకుల షెడ్డులో చెక్క లేత్ (చెక్కను గిరగిరా తిప్పుతుంటే ఉలితో చెక్కే మిషను) పెట్టుకుని ఏడాదిన్నర అయింది. పప్పుగుత్తులు, చపాతీ కర్రలు, పిల్లలకు బొంగరాలు చేస్తుంటాను, ఈమధ్య చిన్న గిన్నెలు కూడా మొదలుపెట్టాను. పని కాస్త చేతికి వచ్చింది గానీ సామాను సర్దుకోవడం మాత్రం ఇంకా రాలేదు.

పోయిన వారం లేత్ మీద గిన్నె చేస్తూ, వెనక గోడకు తగిలించిన స్క్యూ ఉలి (ఏటవాలు పదును ఉండేది) కోసం తిరుగుతున్న చెక్క మీదుగా చెయ్యి చాపాను. ఫుల్ హ్యాండ్స్ చొక్కా, గుండీ పెట్టుకోలేదు. చొక్కా అంచు, చెక్కను పట్టి తిప్పే చక్ దవడకు తగిలి చర్రున చిరిగింది. పాత చొక్కా కాబట్టి చిరిగింది, గట్టి గుడ్డ అయ్యుంటే చెయ్యి కూడా దాంతోపాటే లోపలికి పోయేది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మర్నాడు పొద్దున్నే గోడకున్న మేకులన్నీ పీకేశాను, ఇప్పుడు సామానంతా గోనెసంచిలో ఉంది.

ఉలులు నిలబెట్టాలా, పడుకోబెట్టాలా? లేత్ కింద అర కట్టిస్తే పనికొస్తుందా? అయస్కాంతం పట్టీలు అమ్ముతున్నారు, అవి మంచివేనా? సముద్రం దగ్గర కాబట్టి తుప్పు గొడవ ఎలాగూ ఉంది.

ఒంగోలు మంచం కోళ్లు:

అన్నా, ముందు మేకులు పీకేశావు చూడు, సగం పని అక్కడే అయిపోయింది. లేత్ వెనక గోడకు ఏమీ తగిలించొద్దు. ఉలే కాదు, గుడ్డముక్క కూడా వద్దు. ఏదన్నా అక్కడ ఉంటే ఏదో ఒక రోజు చెయ్యి దానంతటదే పోతుంది.

నేను 14 ఏళ్లుగా మంచం కోళ్లు, మెట్ల కమ్మీలు చేస్తున్నా. నా స్టాండు నాకు కుడిపక్కన, టెయిల్‌స్టాక్ (చెక్క రెండో కొనను ఆపే భాగం) చివర దాటాక, నాకంటే అరడుగు వెనక్కి ఉంటుంది. చెక్క ఊడితే చక్‌కు ఎదురుగా ముందుకో పైకో ఎగురుతుంది కాబట్టి ఆ వరసలో స్టాండు పెట్టకూడదు. ఉలి కోసం వెళ్లి మనమే ఆ వరసలో నిలబడాల్సి వస్తుంది.

స్టాండులో 5 ఉలులే పెడతా: రఫింగ్ గౌజు (మొదట చెక్కను గుండ్రం చేసే దోనె ఉలి), చిన్న గౌజు, స్క్యూ, పార్టింగ్ (కోసి విడదీసేది), స్క్రేపరు (గీకేది). మిగతావి పెట్టెలో ఉంటాయి. 2 అంగుళాల పీవీసీ పైపు ముక్కలు కోసి, కాస్త ఏటవాలుగా బిగించా. పైపుల అడుగు మాత్రం మూయొద్దు. మొదట్లో నేను బిరడాలు కొట్టాను, పది రోజుల్లో పొట్టుతో నిండి ఉలి సగమే దిగేది. ఇప్పుడు అడుగున ఒక అడ్డ కర్ర ఉంది, పిడి దాని మీద నిలబడుతుంది, పొట్టు పక్కలనుంచి కిందికి జారిపోతుంది.

లేత్ కింద అర దండగ, సాయంత్రానికి పొట్టులో పూడుకుపోతుంది. ఆ చోట రెండు ఇసుక మూటలు వేసుకో. మంచి బరువు పడి లేత్ అదరడం తగ్గుతుంది, గిన్నెలకు అది చాలా అవసరం.

ఇంకోటి, కాలిపర్ (లావు కొలిచేది) ఒక్కటే పెట్టుకుని మాటిమాటికీ మార్చుకోవద్దు. నాలుగు కోళ్లూ ఒకే తీరుగా రావాలంటే నాలుగు కాలిపర్లు, ఒక్కోటి ఒక్కో కొలతకు బిగించి, కోడు మీద వచ్చే వరసలోనే తగిలించుకోవాలి. పక్కన మార్కాపురం పలక ఒకటి వేలాడదీశా, కొలతలు బలపంతో దాని మీదే.

ఉదయగిరి చెక్కపని:

ఒంగోలు తమ్ముడు చెప్పిందాంట్లో ఒక్కదానికి నేను ఒప్పుకోను. పిడి కిందికి, పదును పైకి నిలబెడితే ఏ ఉలో కనిపిస్తుంది, నిజమే. కానీ ఎత్తుకునేటప్పుడు చెయ్యి ఇనుము మీద పడుతుంది. మాది చెక్క స్పూన్లు, గరిటెల ఊరు, ఊరి పేరు మీద ఇచ్చే జీఐ గుర్తింపు కూడా వచ్చిన పని. మా నాయన నేల మీద కూర్చుని చేసేవాడు. బాడిస, ఉలులు, ఆకురాయి అన్నీ కుడి మోకాలి పక్కన చాప మీద, పిడులు తనవైపు, పదును అవతలికి. చూపు చెక్క మీదే ఉండేది, చెయ్యి మాత్రం పోయి కావలసిన పిడి మీదే పడేది. వరస తప్పించి పెట్టామంటే తిట్లే.

లేత్‌కు కూడా నేను అదే చేశా. ఒక చెక్క పలకకు గాళ్లు కోసి, పొట్టు నిలవకుండా ఏటవాలుగా పెట్టి, ఉలులు పడుకోబెట్టా. పిడులు నావైపే. పిడులు కూడా ఒకటి వేప, ఒకటి చింత, ఒకటి నర్ది, ఒక్కోటి ఒక్కో లావు. గౌజు పిడికి రెండు గాట్లు, స్క్యూకి ఒకటి. పట్టుకోగానే చేతికే తెలుస్తుంది.

పిల్లలకు బొంగరాలు చేస్తానన్నావు. బొంగరం కోసం షెడ్డులోకి పరిగెత్తుకొచ్చే పిల్లాడి మొహం ఎత్తులో పదును ఉండకూడదు నాయనా.

నెల్లూరు టర్నర్:

అయస్కాంతం పట్టీ ఉలులకు వద్దండీ. గ్రైండర్ నుంచి వచ్చే ఇనుప రజనంతా దాన్ని పట్టుకుంటుంది, అది ఉలికంటుకుని తెల్ల చెక్క మీద గీతలు పడతాయి. చక్ దవడలు బిగించే తాళానికి మాత్రం చిన్న అయస్కాంతం స్విచ్చి పక్కనే పెట్టండి. తాళం అక్కడ కనిపిస్తేనే స్విచ్చి వేయాలి. చక్‌లో మరిచిపోయిన తాళం బుల్లెట్‌లా వస్తుంది. ముఖానికి పెట్టుకునే షీల్డు ఏకంగా స్విచ్చికి అడ్డంగా వేలాడదీశా, అది తియ్యకుండా మోటారు ఆన్ చేయలేను.

ఉప్పుకాగితాలు 80, 120, 180, 240, 320 నంబర్లవి సగం సగం చించి, పాత ఆఫీసు ఫైలులో అరకొకటి పెట్టుకుని మూసేయండి. బయట ఉంటే అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానల్లో మెత్తబడతాయి.

తుప్పుకు కుట్టుమిషను నూనె చాలు. కొబ్బరినూనె రాస్తే రానురాను జిగటగా మారి పొట్టు పట్టుకుంటుంది. పచ్చి తుమ్మ కర్రతో పని చేసిన రోజు మాత్రం ఉలి తుడవకుండా ఇంట్లోకి పోవద్దు, తెల్లారేసరికి నల్లబడిపోతుంది.

మీరు అడగలేదు గానీ ఇది చెప్పకుండా ఉండలేను. గిన్నెలకు అవిసె నూనె రాస్తుంటే ఆ గుడ్డలు ఉండచుట్టి లేత్ పక్కన పడేయకండి. ఆరేటప్పుడు వాటిలో వేడి పుడుతుంది, ఉండచుట్టి ఉంటే ఆ వేడి బయటికి పోక దానంతటదే అంటుకుంటుంది. పొట్టులో పడితే ఇక చెప్పేదేముంది. తీగ మీద విడివిడిగా ఆరేయండి, లేదా నీళ్ల బక్కెట్లో వేయండి. గ్రైండర్ లేత్‌కు రెండడుగుల్లో ఉంటేనే మాటిమాటికీ పదును పెట్టబుద్ధవుతుంది, కానీ నిప్పురవ్వలు పొట్టు వైపు కాకుండా గోడ వైపు పోయేలా తిప్పుకోండి.

కావలి రేకుల షెడ్డు:

అందరికీ చాలా థ్యాంక్స్. ఆదివారం మొత్తం ఇదే పని. స్టాండు మీద పలక ఏటవాలుగా, పిడులు నావైపు, ఉదయగిరి అన్న చెప్పినట్టే. 5 గాళ్లే కోశాను. ఇసుక మూటలు వేశాక గిన్నె అంచు దగ్గర వచ్చే ఆ టకటక నిజంగానే తగ్గింది. నూనె గుడ్డలు మూడు పాత డబ్బాలో కుక్కి ఉన్నాయి, రాత్రే తీసి ఆరేశాను.

ఒక్క ఇబ్బంది ఉంది. గిన్నె లోపల తొలిచేటప్పుడు నేను లేత్ చివరికి జరుగుతా కదా, అప్పుడు స్టాండు నా వీపు వెనక్కి పోతోంది.

ఒంగోలు మంచం కోళ్లు:

స్టాండుకు కింద చక్రాలు వేయించు అన్నా, రెండింటికి బ్రేకు ఉండేవి. గిన్నె లోపలి పని మొదలుపెట్టే ముందు మోటారు ఆపి, స్టాండు జరిపి, బ్రేకు తొక్కి అప్పుడు మొదలుపెట్టు.