మార్చి 7 హోలీ ప్రోగ్రాం: బెంగాలీ ఐటమ్ సంగతి ఇక్కడే తేల్చుకుందాం

కల్చరల్ టీమ్ (నేనే, ఐటమ్ నా మీద పడింది)

అందరికీ నమస్కారం. ఇక్కడ కెనడాలో, మిసిసాగాలో హాలు మార్చి 7 శనివారానికి ఖాయమైంది. యూత్ టీమ్ పంపిన బెంగాలీ వీడియో చూసే ఉంటారు. ఎర్రమట్టి దారి, సైకిల్ మీద అబ్బాయి, పసుప్పచ్చ చీరలో అమ్మాయి, చెట్ల నిండా మోదుగపూలు, ఆఖర్న చెంప మీద చిటికెడు రంగు. దాన్ని ఆరు నిమిషాల్లో స్టేజి మీద చెయ్యాలని పిల్లల సరదా. మా ఆవిడది బెంగాల్లో శాంతినికేతన్ ఉన్న బోల్‌పూర్ పక్కన కాబట్టి ఈ పని నాకు అప్పగించారు, సంతోషమే, కానీ కొన్ని మాటలు ముందే చెప్పేస్తాను, ఆనక ఎవరూ అలగొద్దు.

ఇది మనకు తెలిసిన హోలీ కాదు. హిందీ సినిమా హోలీ అసలే కాదు. బెంగాల్లో ఆ పండగ దోల్, రాధాకృష్ణుల్ని ఉయ్యాల్లో పెట్టి ఊపుతారు, చైతన్య మహాప్రభువు పుట్టింది కూడా ఆ పౌర్ణమి నాడే కాబట్టి భక్తులకు అది ఇంకా పెద్దరోజు. ఠాగూర్ ఆశ్రమ బడి ఉన్న శాంతినికేతన్‌లో మాత్రం బసంత ఉత్సవ్ అంటారు. 1907లో ఠాగూర్ చిన్నకొడుకు శమీంద్రనాథ్, పదేళ్ల పిల్లాడు, ఆశ్రమ బడిలో ఋతువుల పండగ మొదలుపెట్టాడు, దాని వరసలోనే ఇదీ వచ్చింది. ఆ పిల్లాడు అదే ఏడాది ఆఖర్లో కలరాతో పోయాడు. మా మామగారు ఈ సంగతి చెప్పినప్పుడల్లా కాసేపు ఏమీ మాట్లాడరు, నాకూ ఆ వీడియోలు చూస్తుంటే ఇదే గుర్తొస్తుంది, ఏం చేస్తాం.

పెళ్లయిన మొదటేడు అక్కడ చూశాను. పొద్దున్నే 'ఓరే గృహబాశీ' అని ఠాగూర్ పాట పాడుకుంటూ, ఆడుకుంటూ బారులుగా వస్తారు. ఇంట్లో కూర్చున్నవాళ్లారా తలుపు తియ్యండి, దోల్ వచ్చింది అని దాని అర్థం. నీళ్లు లేవు, పిచికారీలు లేవు, ఆట పాట అంతా అయ్యాకే రంగు, అదీ పొడి ఆబీర్, అంటే గులాలు. ముందు పెద్దవాళ్ల పాదాల మీద కొంచెం వేసి దండం పెడతారు, తర్వాత ఈడువాళ్ల చెంపకి. ఆ వీడియోల్లో ప్రేమ అంతా ఈ వరసలోనే ఉంది. అబ్బాయి చెయ్యి చెంప దాకా వచ్చి ఆగిపోతుంది, ఆమె కళ్లతో ఊఁ అన్నాకే తగులుతుంది. మనవాళ్లు దాన్ని మొదటి నిమిషంలోనే బస్తా గుమ్మరించే సీన్ చేస్తామంటే నేను తప్పుకుంటాను.

హాల్ టీమ్

అన్నా, బస్తా మాట ఎత్తకు. లోపల పొడి రంగులు, కన్ఫెట్టీ, పొగ మిషన్ ఏవీ కుదరవని అగ్రిమెంట్‌లోనే రాశారు. పోయినసారి వేరే హాల్లో రంగు పొడి నేల సందుల్లోకి పోయి డిపాజిట్‌లో సగం పట్టుకున్నారు, గుర్తుందిగా. బయట చేద్దామంటే మార్చి మొదటివారం, మంచు ఉంటుంది.

యూత్ టీమ్

కానీ అంకుల్, రంగు లేకపోతే అసలు వీడియో ఎక్కడుంది? ఫ్యాన్ పెట్టి ఒక్క ఐదు సెకన్లు ఊదుదాం, రీల్‌కి చాలు. మొక్కజొన్న పిండి రంగే కదా, సేఫ్.

హాల్ టీమ్

ఒంటికి సేఫే. గాల్లోకి లేచాక కాదు. 2015 జూన్‌లో తైవాన్ వాటర్‌పార్క్‌లో స్టేజి నుంచి ఊదింది మొక్కజొన్న పిండి రంగే, అంటుకుని 15 మంది పోయారు, దాదాపు 500 మంది కాలారు. సన్నటి పిండి గాల్లో మేఘంలా ఉన్నప్పుడు వేడి లైటు చాలు. అది కూడా ఆరుబయటే జరిగింది. ఈ విషయంలో నాతో బేరాలు వద్దు తమ్ముడూ.

కల్చరల్ టీమ్

అది తెలిశాక ఇంక మాట్లాడేదేముంది. నా ఉపాయం ఇది. ఇత్తడి పళ్లెంలో పసుపు రంగు, నారింజ రంగు గుడ్డ పీలికలు, బంతిపూల రేకులు. పెద్దల పాదాల దగ్గర రేకులు వేస్తారు. చెంపకి మాత్రం మేకప్ వాళ్ల క్రీమ్ రంగు, వేలికి ముందే అంటించి ఉంటుంది, నేల మీద ఒక్క చుక్క పడదు.

మోదుగపూల గురించి కూడా చెప్పాలి. తలలో పెట్టుకునే ఆ ఎర్రటి పలాశ్ పూలు మన మోదుగే. కరీంనగర్‌లో మా నాయనమ్మ అవి ఉడకబెట్టి హోలీ రంగు తీసేది, పెద్ద గుండిగలో నారింజ రంగు నీళ్లు, మా బనీన్లు వేసవి దాకా ఆ రంగులోనే ఉండేవి. ఇక్కడ దొరకవు, దొరికినా నేను తెప్పించను, దోల్ రోజుల్లో అక్కడ చెట్లన్నీ దులిపేస్తున్నారని ఊరివాళ్లు ఎన్నేళ్లుగానో మొత్తుకుంటున్నారు. ముడతల కాగితంతో చేద్దాం. మోదుగ రేక చిలక ముక్కులా వంకర తిరిగి ఉండాలి, గులాబీలా చేస్తే మా ఆవిడ ఒప్పుకోదు. ఆదివారం మధ్యాహ్నం మా ఇంట్లో, కత్తెరలు ఎవరివి వాళ్లు తెచ్చుకోండి.

కాస్ట్యూమ్స్

అక్క దగ్గర ఎర్ర అంచు తెల్ల చీరలు పన్నెండు ఉన్నాయట, దసరాకి కొన్నవి. అవి కట్టించేద్దామా? ఖర్చు కలిసొస్తుంది.

కల్చరల్ టీమ్

వద్దు వదినా. అవి చూస్తే బెంగాలీవాళ్లకి దుర్గాపూజే గుర్తొస్తుంది. దీనికి బాసంతీ, అంటే పసుపు, పండిన పసుపు రంగు, జాకెట్టు ఎర్రదో ఆకుపచ్చో. మన ఇళ్లలో తాంబూలంలో పెట్టిన పసుపు నూలు చీరలు బీరువాకి రెండైనా ఉంటాయి, అవి చాలు, పట్టు వద్దు. అబ్బాయిలకి తెల్ల పంజాబీ. మన లాల్చీనే వాళ్లు పంజాబీ అంటారు, నాకు పెళ్లిచూపుల్లో "పంజాబీ తెచ్చుకున్నావా" అని అడిగితే ఎవరో మనిషి అనుకున్నాను.

పసుపు అనగానే యూత్ టీమ్ దీన్ని సరస్వతీ పూజతో కలిపేశారు, పోస్టర్‌లో వీణ పెట్టారు. తీసెయ్యండి. అది వసంత పంచమి, మనం బాసరలో అక్షరాభ్యాసాలు చేయించే రోజు. ఆ రోజు కూడా కాలేజీ పిల్లలు పసుపు చీరలు కట్టుకుని తిరుగుతారు, ప్రేమ పాటలూ దాని మీద బోలెడు, కానీ దోల్‌కి ఒక నెల పైన ముందే అయిపోతుంది.

ట్రెజరర్

పాట సంగతి? పోయినేడు లైవ్‌లో మ్యూట్ అయిపోయి అమెరికాలో అమ్మానాన్నలు మూకీ సినిమా చూశారు.

కల్చరల్ టీమ్

అందుకే ఆ వీడియో ట్రాక్ వాడం. ఠాగూర్ 1941లో పోయారు, ఇండియాలో ఆయన రచనల మీద కాపీరైట్ 2001తో అయిపోయింది, ఇక్కడ అంతకన్నా ముందే. కానీ ఎవరో రికార్డు చేసింది వాళ్లదే. మా వీధిలో బౌదీ (బెంగాలీలో వదిన) హార్మోనియం మీద పాడతానన్నారు, వాళ్లాయన ఖోల్ (మృదంగం లాంటి మట్టి వాయిద్యం) వాయిస్తారు, మంజీరాలు మన భజన బృందం నుంచి. లైవ్‌గా పాడితే మ్యూట్ భయం చాలావరకు ఉండదు. పాట మధ్యలో కొంచెం నెమ్మదిస్తుంది, డాన్స్ వాళ్లు దానికి అలవాటు పడాలి, బీటు పెంచమని బౌదీని అడగొద్దు, నేను అడిగి తిట్లు తిన్నాను.

యూత్ టీమ్

జంట ఎవరు? మాలో ఎవర్ని పెట్టినా ఇంట్లో గొడవే. ఒక ఆంటీ అయితే "మా అమ్మాయి పక్కన ఎవరు నిలబడతారో ముందు చెప్పండి" అని ఫోన్ చేశారు.

ఫుడ్ టీమ్

మీ ఇద్దర్నీ పెట్టెయ్ బావా. ఆమె అక్కడి పిల్ల, నువ్వు ఇక్కడి పిల్లాడివి. నీకు డాన్స్ రాదని అందరికీ తెలుసు, సైకిల్ పట్టుకుని నిలబడు.

కల్చరల్ టీమ్

ఇంట్లో అడిగాను. "పన్నెండేళ్లయింది, ఇప్పుడైనా అడిగి రంగు పూస్తావేమో చూద్దాం" అంది. కాబట్టి ఒప్పుకున్నట్టే. పిల్లలంతా ఊరేగింపులో, మేము ఆఖరి నిమిషంలో. సైకిల్ టైర్లు తుడిచి తెస్తాను, హాల్ టీమ్ కంగారు పడకండి.

ఫుడ్ టీమ్

థండాయ్ వద్దంటావా అయితే?

కల్చరల్ టీమ్

పెట్టండి, పిల్లలు తాగుతారు, బెంగాలీదని మాత్రం బోర్డు రాయొద్దు. దోల్‌కి వాళ్ల దగ్గర మఠ్ అని రంగురంగుల పంచదార గోపురాలు, ఫుట్‌కడాయ్ అని పంచదార పూసిన శనగలు ఉంటాయి. మఠ్ చూస్తే మన హోలీకి పిల్లల మెడలో వేసే చక్కెర పేర్లే. రెండూ ఒకే పళ్లెంలో పెడదాం. బౌదీ వాళ్లు మాల్పోవా (పాకంలో వేసే తీపి అట్లు) చేస్తారు, 80 మందికి సరిపడా.

ఆ తర్వాత ఐటమ్ మనది, జాజిరి, కోలలు కొడుతూ పాడే మన తెలంగాణ హోలీ పాట. కోలలు ఇరవై జతలున్నాయి, ఇంకో పది కావాలి.

రిహార్సల్స్ ఫిబ్రవరిలో నాలుగు శనివారాలు. అసలు పౌర్ణమి మార్చి 3, మంగళవారం, ఆ రోజు తెల్లవారుజామున చంద్రగ్రహణం కూడా, ఆ సాయంత్రం ఎవర్నీ పిలవను. 7వ తేదీ రాత్రి గడియారాలు గంట ముందుకి తిప్పుతారు, క్లీనింగ్‌కి ఉండేవాళ్లకి ఆ గంట నిద్ర పోతుంది, అయినా ఆరుగురు పేర్లు ఇవ్వాలి.

హాల్ టీమ్

నన్ను రాసుకో. ఇంకా ఐదుగురు.

ఫుడ్ టీమ్

చక్కెర పేర్లు హైదరాబాద్ నుంచి ఎవరు తెస్తున్నారు? దారిలో విరిగిపోకుండా బియ్యం డబ్బాలో పెట్టి తెమ్మను.