ఊరి వ్యాయామశాలకు గ్రాంటు కోసం తిరగాలా, చందాతోనే నడపాలా?

నెల్లిమర్ల కుర్రాడు

అందరికీ నమస్కారం. మాది నెల్లిమర్ల పక్కన చిన్న ఊరు. మా వ్యాయామశాల అంటే ఒక రేకుల షెడ్డు, నేల మీద చెక్కలు పరిచిన ప్లాట్‌ఫాం, రెండు బార్లు, అరిగిన రబ్బరు ప్లేట్లు. అంతే. పొద్దున 5 గంటలకి ఒకసారి, సాయంత్రం ఒకసారి వెయిట్‌లిఫ్టింగ్ సాధన. ఇప్పుడు 31 మంది వస్తున్నారు, వాళ్లలో 12 మంది ఆడపిల్లలు. నేర్పే అన్నయ్య ఒకప్పుడు రాష్ట్రస్థాయి పోటీల్లో ఎత్తినవాడు. పగలంతా విజయనగరంలో షాపులో పని చేసుకుని సాయంత్రం మా కోసం వస్తాడు. మేం ఇవ్వగలిగేది బండి పెట్రోలు ఖర్చే.

ఇన్నాళ్లూ పెద పండగకి వసూలయ్యే చందాతో నెట్టుకొచ్చాం. మొన్న రామమందిరం అరుగు మీద కూర్చుంటే ఊరు రెండుగా చీలింది. సొసైటీ రిజిస్టర్ చేయించి గ్రాంట్లకి పెట్టుకుందామని మా వయసు వాళ్లు. ఒకసారి కాగితం ఎక్కితే ఊరి చేతిలోంచి జారిపోతుందని, మన గుంటలకి, అంటే మన పిల్లలకి, మనమే పెట్టుకోవాలని పెద్దలు. నాకు రెండు వైపులా న్యాయం కనిపిస్తోంది.

మా మండలంలోదే కొండవెలగాడ. అక్కడి మత్స సంతోషి 2014లో గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో 53 కిలోల విభాగంలో పతకం తెచ్చిందని మా పిల్లలందరికీ తెలుసు. ఆశ లేని పిల్లలు కారు వీళ్లు. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి, ఏం చేయమంటారు?

రిటైర్డ్ పీఈటీ, ఆమదాలవలస

బాబూ, నేను వద్దనే అంటాను. ఎందుకంటున్నానో విను.

మా వాలీబాల్ సంఘానికి ఒకసారి గ్రాంటు వచ్చింది. మొదటి విడతతో పోల్సు, నెట్లు, బంతులు కొన్నాం, ఊరంతా సంబరం. రెండో విడత రావాలంటే మొదటిది ఖర్చు చేసినట్టు వినియోగ పత్రం ఇమ్మన్నారు. ఇచ్చాం. బిల్లుల్లో ఒకదాని మీద షాపువాడి ముద్ర సరిగా పడలేదన్నారు. మళ్లీ తెచ్చాం. సంతకం పెట్టాల్సిన అధికారి బదిలీ అయ్యారన్నారు. చూస్తుండగానే మార్చి నెలాఖరు వచ్చి బడ్జెట్ మురిగిపోయింది. మా సెక్రటరీ కుర్రాడు జట్టులో సెట్టర్. అలా బంతి లేపేవాడిని నా సర్వీసులో ఇద్దరిని చూశానేమో. ఆ ఏడాది వాడు గ్రౌండులో కన్నా ఆఫీసు వరండాలో ఎక్కువ నిలబడ్డాడు. చివరికి విసిగి హైదరాబాద్ వెళ్లి ఏదో పనిలో చేరాడు. మాకు గ్రాంటూ పోయింది, సెట్టరూ పోయాడు.

మా పక్కనే ఊసవానిపేట. కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీలో 110, 130, మొత్తం 240 కిలోలు ఎత్తి ఒలింపిక్ పతకం గెలిచిన మొదటి భారతీయ మహిళ అయింది. ఆమెకి ముందు బార్ పట్టించింది గ్రాంటు కాదు, నీలంశెట్టి అప్పన్న గారు. మనిషి ఉంటే ఇనుము ఎక్కడినుంచైనా వస్తుంది. మీ అన్నయ్యని కాపాడుకోండి.

లెక్కల పుస్తకం, శ్రీకాకుళం

మాస్టారూ, మీ బాధ అర్థమైంది. కానీ మల్లీశ్వరి ఆమదాలవలసలోనే ఆగిపోలేదు కదా. జాతీయ శిబిరానికి వెళ్లాక ఆమె తిండికి, శిక్షణకి ప్రభుత్వ సొమ్మే కదా ఖర్చయింది. మొదటి మెట్టు ఊరిది, రెండోది అందరిదీ.

నేను ఆడిటర్ దగ్గర పని చేస్తాను. తమ్ముడికి దారి ఎలా ఉంటుందో చెబుతాను, తర్వాత మీరే తేల్చుకోండి.

మన రాష్ట్రంలో 2001 నాటి సొసైటీల చట్టం కింద 7 గురు సభ్యులుంటే సంఘం రిజిస్టర్ చేయించొచ్చు. జిల్లా రిజిస్ట్రార్ ఆఫీసులో పని. ఆ తర్వాత సంఘం పేరున పాన్ కార్డు, బ్యాంకు ఖాతా. ఏడాదికోసారి సర్వసభ్య సమావేశం పెట్టి కమిటీ జాబితా రిజిస్ట్రార్‌కి పంపాలి. దీనివల్ల ఊరి చేతిలోంచి ఏదీ పోదు. ఓటు వేసేది మీ సభ్యులే, బయటివాళ్లు కాదు.

ఇక డబ్బు. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం 500 కోట్ల నికర విలువో, 1000 కోట్ల టర్నోవరో, 5 కోట్ల నికర లాభమో ఉన్న కంపెనీ గత 3 ఏళ్ల సగటు లాభంలో 2 శాతం సమాజానికి ఖర్చు పెట్టాలి. ఏ పనులకి పెట్టొచ్చో చెప్పే ఏడో షెడ్యూల్లో గ్రామీణ క్రీడల శిక్షణ, ఒలింపిక్ క్రీడల శిక్షణ అని స్పష్టంగా ఉంది. కంపెనీ నడిచే ప్రాంతానికి ముందు చూడమని కూడా ఉంది. అయితే ఆ డబ్బు సంఘం ఖాతాలో పడాలంటే అందరూ 12ఎ, 80జి అని పిలిచే ఆదాయపన్ను రిజిస్ట్రేషన్లు కావాలి, మొదటిది సంఘానికి, రెండోది దాతలకి పన్ను మినహాయింపు కోసం. 2021 ఏప్రిల్ నుంచి సీఎస్ఆర్-1 నంబరు, అంటే ఇలాంటి కంపెనీ డబ్బు తీసుకునే సంఘంగా నమోదైన నంబరు కూడా ఉండాలి. అన్నిటికన్నా ముఖ్యంగా ఇలాంటి పనిలో 3 ఏళ్ల అనుభవం చూపించాలి.

ఈ 3 ఏళ్ల దగ్గరే చాలా సంఘాలు బోల్తా పడతాయి. 10 ఏళ్లుగా పిల్లల్ని తయారుచేస్తారు, చూపించడానికి ఒక్క హాజరు పుస్తకం ఉండదు. గ్రాంటు తీసుకోవాలా వద్దా అన్నది రేపు తేల్చుకోవచ్చు తమ్ముడూ. పుస్తకం మాత్రం ఇవాళే తెరువు.

ఒక లిఫ్టర్ అమ్మ, గుర్ల

మా పాపకి 14 ఏళ్లు, మా ఊరి షెడ్డులో రెండేళ్లుగా ఎత్తుతోంది. మగపిల్లల బార్ 20 కిలోలు, 28 మిల్లీమీటర్ల లావు. ఆడపిల్లలది 15 కిలోలు, 25 మిల్లీమీటర్లు. 3 మిల్లీమీటర్లే కదా అనకండి. బొటనవేలిని బార్‌కి చుట్టి, దాని మీద మిగతా వేళ్లు బిగించి పట్టాలి. మా పాప వేళ్లకి ఆ లావు బార్ అందదు. మా ఊళ్లో ఉన్నవన్నీ మగపిల్లల బార్లే. రోజూ బొటనవేలికి టేపు చుట్టుకుని వెళుతుంది. రాత్రి అరచేతికి కొబ్బరినూనె రాయబోతే చెయ్యి వెనక్కి లాక్కుంటుంది. పోటీకి వెళితే అక్కడ సన్న బార్ ఇస్తారు, అది చేతికి కొత్త.

మా ఊళ్లో పోయిన పండగకి టోర్నమెంటు పేరు మీద లక్ష పైనే వసూలైంది. స్టేజీ, మైకులు, లైట్లు, ఫ్లెక్సీలు, కబడ్డీ ప్రైజులు, వచ్చిన జట్లకి భోజనాలు. 15 కిలోల బార్ కొనండి బాబూ అని అడిగాను. వచ్చే పండగకి చూద్దాం అక్కా అన్నారు. అలా అంటూ రెండు పండగలు గడిచాయి.

చందా ఇచ్చేవాళ్లని తప్పు పట్టడం లేదు. కష్టపడ్డ సొమ్మే ఇస్తారు. కానీ చందా అనేది నలుగురూ చూసే చోటికే పోతుంది. పొద్దున 5 గంటలకి షెడ్డులో పిల్లలు ఏం చేస్తున్నారో చూడ్డానికి ఎవరూ రారు, అందుకే అక్కడికి డబ్బూ రాదు. గ్రాంటుకైతే ఎంతమంది ఆడపిల్లలు, వాళ్లకి ఏం కొంటారు అని కాగితం మీద రాయాలి. రాసిందాన్ని అడగొచ్చు. అందుకే నేను రిజిస్టర్ చేయమంటాను. కమిటీ 7 గురిలో ఆడవాళ్లని కూడా పెట్టండి.

ఉద్దానం వాడు, డల్లాస్

అక్కా, మీ మాట చదివి మనసు కలుక్కుమంది. మాది కవిటి వైపు. 2018 అక్టోబరులో తిత్లీ తుఫానుకి మా కొబ్బరిచెట్లతోపాటు వ్యాయామశాల రేకులూ ఎగిరిపోయాయి. దరఖాస్తుల జోలికి పోలేదు. ఊరి వాట్సాప్ గ్రూపులో అడిగితే ఆర్మీలో ఉన్నవాళ్లు, విశాఖలో, ఇక్కడ ఉన్నవాళ్లు తలా కొంత వేసి రేకులు వేయించాం. ఆఫీసు మెట్లు ఎక్కే టెన్షన్ లేదు. ఊరి నుంచి బయటికి వచ్చినవాళ్లు ప్రతి ఊరికీ ఉన్నారు, వాళ్లని అడగండి తమ్ముడూ. ఆడపిల్లల బార్‌కి నా వంతు నేను వేస్తాను.

లెక్కల పుస్తకం, శ్రీకాకుళం

మంచి మనసు అన్నా. ఒక్క విషయం చూసుకోండి. మీది ఇంకా భారత పాస్‌పోర్టు అయితే మీ సంపాదన నుంచి పంపేది విదేశీ విరాళం కిందికి రాదు. అమెరికా పౌరసత్వం తీసుకుని ఉంటే, విదేశీ పౌరులైన మనవాళ్లకి ఇచ్చే ఓసీఐ కార్డు ఉన్నా సరే, సంఘానికి మీరిచ్చేది విదేశీ విరాళమే. దానికి విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్ఏ) కింద అనుమతి కావాలి, ఢిల్లీలో స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో ప్రత్యేక ఖాతా కావాలి. తెలియక తీసుకున్న ఊరి కుర్రాళ్లు చిక్కుల్లో పడతారు. ఇక్కడుండే మీ తమ్ముడో బావో తన సొమ్ముతో కొనిస్తే ఆ బాధ లేదు.

ఇంకొకటి, 80జి ఉన్న సంఘానికి ఇచ్చినా నగదు రూపంలో 2000 దాటితే దాతకి పన్ను మినహాయింపు రాదు. పండగ చందా అయినా ఖాతాలో వేయించుకుని రసీదు ఇవ్వడం అలవాటు చేయండి.

రణస్థలం నుంచి

కంపెనీల డబ్బు గురించి ఇంత తేలిగ్గా మాట్లాడకండి. మా వైపు ఫ్యాక్టరీల పక్కన బతికేవాళ్లకి అది అంత సులువైన లెక్క కాదు. మా ఊరి జట్టుకి ఒక కంపెనీ జెర్సీలు, బూట్లు ఇచ్చింది. తర్వాత బావి నీటి వాసన గురించి గ్రామసభలో అడగబోతే, మీ పిల్లలు వాళ్ల బట్టలే కదా వేసుకున్నారు అని మా నోరు మూయించారు. నాకు ఆ రోజు ముద్ద దిగలేదు. 2 శాతం చట్టం ప్రకారం ఇవ్వాల్సిందే కాబట్టి తీసుకోండి, కానీ మా ఊరి సంగతులు మాట్లాడే హక్కు దీనికి ముడిపడి లేదని తీర్మానం పుస్తకంలో ముందే రాసుకుని తీసుకోండి. మేం రాసుకోలేదు.

రిటైర్డ్ పీఈటీ, ఆమదాలవలస

అమ్మా, గుర్ల నుంచి రాసిన తల్లీ, 34 ఏళ్లు పిల్లల్ని ఆడించినవాణ్ని, ఆ 3 మిల్లీమీటర్ల సంగతి నాకు తట్టలేదు. మా సంఘంలో ఆడపిల్లల జట్టుకి విడిగా బంతి కూడా కొనలేదని ఇప్పుడు గుర్తొస్తోంది. అందుకు బాధగా ఉంది.

అయినా నా భయం పూర్తిగా పోలేదు. లెక్కల బాబూ, ఒకటి చెప్పు. ఎంపీ నిధులు ఏడాదికి 5 కోట్లు ఉంటాయి, నిజమే, కానీ అవి కట్టడాలకీ ఆస్తులకీ. నెలనెలా జీతానికి ఇవ్వరు. కంపెనీలూ ఎక్కువగా ఫోటోకి కనిపించే వస్తువే ఇస్తాయి. కోచ్ కడుపు ఎవరు నింపుతారు? ప్లాట్‌ఫాం పాతబడితే ఏడాది ఆగొచ్చు, నేర్పేవాడు ఆగలేడు.

లెక్కల పుస్తకం, శ్రీకాకుళం

అసలు ప్రశ్న అదే మాస్టారూ. నాకు తెలిసి జీతం దాకా వచ్చేది కేంద్ర ప్రభుత్వ క్రీడా పథకం కింద పెట్టే ఖేలో ఇండియా సెంటర్ ఒక్కటే. అందులో ఒకసారి 5 లక్షలు సామాను, మైదానం కోసం, తర్వాత ఏటా 5 లక్షలు అని పెట్టారు. ఏటా ఇచ్చే దాంట్లోనే కోచ్‌గా ఉండే మాజీ ఆటగాడికి పారితోషికం. ప్రతిపాదన రాష్ట్రం ద్వారా వెళ్లాలి కాబట్టి జిల్లా క్రీడాభివృద్ధి అధికారిని కలవాలి. వస్తుందని హామీ ఇవ్వలేను. అది వచ్చేదాకా అన్నయ్య జీతం చందా మీదే నడవాలి, అయితే పండగ చందా మీద కాదు. ఇంటికి నెలకి 50 రూపాయలు, 100 ఇళ్లయితే 5000. ఇనుముకి గ్రాంటు, మనిషికి ఊరు.

షెడ్డు స్థలం ఎవరిదో ముందే చూసుకో తమ్ముడూ. పంచాయతీ స్థలమైతే తీర్మానం రాయించుకో. కంపెనీ డబ్బుతో కట్టే ఆస్తిని పంచాయతీ పేరున ఉంచే వీలుంది, కాబట్టి రేపు కమిటీలో ఎవరు మారినా షెడ్డు ఊరిదే. మీ పెద్దలకి ఈ ఒక్క ముక్క చెప్పు, సగం భయం పోతుంది.

నెల్లిమర్ల కుర్రాడు

అందరికీ దండాలు. ఇవన్నీ ప్రింటు తీసి నిన్న రాత్రి అరుగు మీద చదివి వినిపించాను. గుర్ల అక్క రాసింది చదువుతుంటే మా పెదనాన్న మధ్యలో ఆపి, మన బార్ ఎంత లావుందిరా అని అడిగారు. కొలిచాం. మావి రెండూ 28.

రిజిస్ట్రేషన్‌కి ఒప్పుకున్నారు. 7 గురి పేర్లు రాశాం, ముగ్గురు ఆడవాళ్లు, అందులో ఒకరు అంగన్‌వాడీ టీచరమ్మ, లెక్కలు ఆవిడే చూస్తారు. నెలకి 50 రూపాయల మాటకి 38 ఇళ్లు సరేనన్నాయి, మిగతావాళ్లని అడగాలి. కంపెనీల సంగతి ఇంకా తేలలేదు. రణస్థలం అన్న చెప్పినట్టు తీర్మానం రాయకుండా ముట్టుకోవద్దని కొందరు, అసలు వద్దని ఇద్దరు. ఆ ఇద్దరూ గట్టిగానే ఉన్నారు.

పీఈటీ మాస్టారూ, ఒక ఆదివారం మా ఊరు రండి. ఆఫీసు పనికి మా ఆడే కుర్రాళ్లని ఎవరినీ పెట్టలేదు. ఎత్తడం మానేసిన ఇద్దరు పెద్దవాళ్లం తిరుగుతాం. హాజరు పుస్తకం ఇవాళ పొద్దున 5 గంటలకి తెరిచాం, మొదటి పేజీలో 27 సంతకాలు పడ్డాయి.