వీఎఫ్‌ఎల్‌లో ముప్పై డిస్పోజల్స్ తీస్తున్నా పైకి ఎందుకు పిలవట్లేదు?

టార్నీట్ నాన్న:

అందరికీ నమస్కారం. మెల్‌బోర్న్ వచ్చి నాలుగేళ్లయింది. ఫుటీ (ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్) గురించి నాకు తెలిసిందంతా మావాడి పుణ్యమే. వాడికి పదేళ్లు. స్కూల్లో అంటుకున్న పిచ్చి, ఇప్పుడు సోఫా మీంచి దూకి మార్క్‌లు (తన్నిన బంతిని గాల్లోనే పట్టడం) పట్టేదాకా వచ్చింది. పెద్ద లీగు ఏఎఫ్‌ఎల్ మ్యాచ్‌కి ప్రతి వారం నలుగురం వెళ్లాలంటే నా వల్ల కాదు. అందుకని వెరిబీ చిర్న్‌సైడ్ పార్క్‌లో దాని కింది మెట్టు వీఎఫ్‌ఎల్ మ్యాచ్‌లకి తీసుకెళ్తున్నా. క్వార్టర్ల మధ్య గ్రౌండ్‌లోకి వదులుతారు, కోచ్ ఆటగాళ్లతో మాట్లాడుతుంటే పక్కనే నిలబడి వినొచ్చు. వాడికి అంతకంటే ఏం కావాలి!

అసలు సంగతి ఇది. వాడికి బాగా ఇష్టమైన మిడ్‌ఫీల్డర్ ఒకడున్నాడు, పేరు రాయను. ఏఎఫ్‌ఎల్ జట్టులోంచి తీసేసి, వీఎఫ్‌ఎల్‌లో ఆడే ఆ క్లబ్బు రెండో జట్టుకి, అంటే రిజర్వ్స్‌కి పంపారు. మూడు వారాలుగా వీఎఫ్‌ఎల్‌లో ముప్పైకి తగ్గకుండా డిస్పోజల్స్ (కాలితో తన్ని గానీ, హ్యాండ్‌బాల్ అంటే గుప్పిటతో కొట్టి గానీ బంతి ఇవ్వడం). గురువారం రాత్రి టీమ్ ప్రకటిస్తారు కదా, మావాడు నా ఫోన్ లాక్కుని చూస్తాడు. పేరుండదు. మొహం మాడ్చుకుని పడుకుంటాడు. "ఇంకేం చెయ్యాలి నాన్నా అతను?" అంటాడు. నా దగ్గర జవాబు లేదు.

రెండో సందేహం. అదే రిజర్వ్స్ జట్టు ఒక వారం పది గోల్స్ తేడాతో గెలిచింది. మరుసటి వారం లాడర్‌లో (పాయింట్ల పట్టికలో) అడుగునున్న జట్టు చేతిలో చిత్తుగా ఓడింది. ఏడు రోజుల్లో ఫామ్ అంత పడిపోతుందా? తెలిసినవాళ్లు కాస్త చెప్పండి. పిల్లాడికి అర్థమయ్యేలా చెప్తే ఇంకా మంచిది.

డిమ్‌సిమ్ రాజు:

బ్రో, రంజీలో సెంచరీల మీద సెంచరీలు కొట్టినా ఇండియా టీమ్‌లోకి రానివాళ్లు ఎంతమంది లేరు? ఇదీ అంతే. పైవాళ్లకి నచ్చాలి. మీవాణ్ణి లైట్ తీసుకోమనండి.

బెంచి బాబాయ్:

రాజూ, రంజీ పోలిక ఇక్కడ కుదరదు. రంజీలో ఏ జట్టయినా గెలవడానికే ఆడుతుంది. రిజర్వ్స్ జట్టు గెలిస్తే సంతోషమే గానీ, దాన్ని పెట్టుకున్నది అందుకు కాదు. పై జట్టుకి మనుషుల్ని తయారుగా ఉంచడానికి. ఈ ఒక్క ముక్క పట్టుకుంటే టార్నీట్ తమ్ముడి రెండు సందేహాలకీ దారి దొరుకుతుంది.

నా గురించి రెండు మాటలు. ఏఎఫ్‌ఎల్ క్లబ్బుతో సంబంధం లేకుండా సొంతంగా నడిచే ఒక వీఎఫ్‌ఎల్ క్లబ్బులో పదకొండేళ్లుగా బెంచి పక్కన కూర్చుని కాగితం మీద లెక్కలు రాస్తున్నా. వారమంతా గోడౌన్‌లో నైట్ షిఫ్ట్, వారాంతం ఇది. జీతం లేదు. మ్యాచ్ అయ్యాక తినడానికి ఒక పై, తాగడానికి ఒక కూల్‌డ్రింక్.

నా కాగితం ఎలా ఉంటుందో చెప్తా. ఆటగాడు కిక్ గానీ హ్యాండ్‌బాల్ గానీ ఇస్తే ఒక చుక్క. మీద మనిషి పడుతుండగా కొట్లాడి గెలుచుకున్న బంతి అయితే చుక్క చుట్టూ సున్నా. ఇచ్చిన బంతి అవతలి జట్టు చేతిలో పడితే చుక్క మీద అడ్డగీత. మ్యాచ్ అయ్యాక మా కోచ్ "మొత్తం ఎన్ని?" అని ఒక్కసారి కూడా అడగలేదు. "సున్నాలెన్ని, గీతలెన్ని?" అంతే.

ముప్పై మూడు చుక్కలు, నాలుగే సున్నాలు ఉన్నవాణ్ణి చూశాను. ఏం చేశాడు? వెనక ఖాళీ చోట నిలబడి, మనవాళ్లు బంతి గెలిచి ఇస్తే అందుకుని ముందుకి తన్నాడు. వీఎఫ్‌ఎల్‌లో బంతి చేతికొచ్చాక తలెత్తి చూసుకునే వ్యవధి ఉంటుంది. పైన అది ఉండదు. తలెత్తేలోపు నడుం పట్టుకుంటారు. కాబట్టి ఆ ముప్పై మూడులో పైకి వెళ్లినా మిగిలేవి ఎన్ని అన్నది సెలెక్టర్ చూసుకుంటాడు.

ఇంకోటి, బయటివాళ్లకి కనపడనిది. కిందికి పంపేటప్పుడు చేతిలో ఒక పని పెట్టి పంపుతారు. "నీకు బంతి దొరుకుతుందని మాకు తెలుసు. బంతి అవతలివాళ్ల దగ్గరున్నప్పుడు వెనక్కి పరుగెత్తుతున్నావా లేదా అదే చూస్తాం" అంటారు. లేదా మిడ్‌ఫీల్డర్ని హాఫ్ ఫార్వర్డ్‌లో (గోల్‌కి కాస్త దగ్గరి చోట) ఆడిస్తారు, ఎందుకంటే పైన ఖాళీ అక్కడే ఉంది. ఆ వారం వాడికి పద్నాలుగు డిస్పోజల్సే వస్తాయి, అయినా గురువారం పేరుంటుంది. ముప్పై తీసినవాడికి ఉండదు. అభిమానులు నెత్తీ నోరూ బాదుకుంటారు.

మీవాడికి చెప్పడానికి ఒక కథ. మార్లియన్ పికెట్ అని ఉన్నాడు. పెర్త్‌లో సౌత్ ఫ్రిమాంటిల్‌కి ఆడేవాడు. 2019 మిడ్‌సీజన్ డ్రాఫ్ట్‌లో (సీజన్ మధ్యలో ఏఎఫ్‌ఎల్ క్లబ్బులు కొత్తవాళ్లని ఎంచుకునే పద్ధతి) రిచ్‌మండ్ తీసుకుంది, అప్పటికి 27 ఏళ్లు. వీఎఫ్‌ఎల్‌లోనే ఆడించారు. వీఎఫ్‌ఎల్ గ్రాండ్ ఫైనల్లో గ్రౌండ్ మీద అందరికంటే బాగా ఆడి నార్మ్ గాస్ మెడల్ తీసుకున్నాడు. ఆ తర్వాతి వారం ఏఎఫ్‌ఎల్ గ్రాండ్ ఫైనల్, అదే అతనికి మొదటి ఏఎఫ్‌ఎల్ మ్యాచ్! గ్రాండ్ ఫైనల్‌తో ఏఎఫ్‌ఎల్‌లో అడుగుపెట్టడం 1952 తర్వాత అదే. 22 డిస్పోజల్స్, ఒక గోల్, జట్టు 89 పాయింట్ల తేడాతో గెలిచింది. అంటే కింది ఫామ్‌ని పైవాళ్లు నమ్మరని కాదు. ఏ రకం ఫామ్ అన్నదే లెక్క.

అలాగే 2021లో వీఎఫ్‌ఎల్ క్లబ్బు బాక్స్ హిల్‌లో ఆడుతున్న జై న్యూకంబ్‌ని మిడ్‌సీజన్‌లో హాథార్న్ తీసుకుంది. తొలి ఏఎఫ్‌ఎల్ మ్యాచ్‌లోనే 14 టాకిల్స్ (బంతి ఉన్నవాణ్ణి పట్టుకుని ఆపడం). టాకిల్ చేసే గుణం కింద ఉంటే పైన కూడా ఉంటుంది. ఖాళీలో దొరికే బంతే పైకి రాదు.

గాలి సంగతి కూడా చెప్పాలి, దీన్నెవరూ పట్టించుకోరు. విలియమ్స్‌టౌన్ గ్రౌండ్ సముద్రం పక్కనే. గాలి ఒక వైపు గోల్‌కి తోస్తుంటే ఆ క్వార్టర్లో ఫార్వర్డ్‌కి మూడు గోల్స్ వస్తాయి, మరుసటి క్వార్టర్లో అదే మనిషికి బంతి కనపడదు కూడా. పైన డాక్‌లాండ్స్ స్టేడియంలో చాలాసార్లు కప్పు మూసి ఆడతారు. నేను గోల్ రాసినప్పుడు పక్కన "గా" అని వేస్తా. గాలి గోల్ అని! మా కోచ్‌కి తెలుగు రాదు, అయినా "గా" అంటే ఏంటో తెలుసు.

ఇక రెండో సందేహం. పై జట్టులో నలుగురికి దెబ్బలు తగిలాయనుకో, రిజర్వ్స్‌లో ఉన్న మంచి నలుగురు పైకి పోతారు. ఇంకొందరిని ఎమర్జెన్సీలుగా (ఎవరైనా ఆడలేకపోతే దింపడానికి) పై జట్టుతో పాటు తిప్పుతారు. రెండు మ్యాచ్‌లూ ఒకే వేళకి పడితే వాళ్లు ఇక్కడ ఆడరు. గాయం నుంచి కోలుకుని వచ్చినవాణ్ణి సగం ఆట తర్వాత ఐస్ కట్టి కూర్చోబెడతారు. ఆ ఖాళీలన్నీ లోకల్ లీగుల నుంచి, కుర్రాళ్ల పోటీల నుంచి వచ్చినవాళ్లు పూడుస్తారు. జెర్సీ అదే, లోపల మనుషులు వేరు. పది గోల్స్‌తో గెలిచిన జట్టూ, చిత్తుగా ఓడిన జట్టూ ఒకటి కాదు తమ్ముడూ. రెండు వారాల టీమ్ షీట్లూ పక్కపక్కన పెట్టి చూడు.

మాలాంటి సొంత క్లబ్బులకి ఈ బాధ లేదు. కుర్రాళ్లు పగలు ఉద్యోగాలు చేసుకుని సాయంత్రం ప్రాక్టీస్‌కి వస్తారు, కానీ వారం వారం దాదాపు వాళ్లే. ఒకరి పరుగు ఒకరికి తెలుసు. మీ వెరిబీనే చూడు. నార్త్ మెల్‌బోర్న్‌తో పొత్తు తెగాక 2018 నుంచి సొంతంగా నడుస్తోంది. 2023 గ్రాండ్ ఫైనల్లో గోల్డ్ కోస్ట్ రిజర్వ్స్ చేతిలో ఓడింది. 2024లో సౌత్‌పోర్ట్‌ని ఓడించి కప్పు కొట్టింది, 1993 తర్వాత మళ్లీ అప్పుడే. ఫుల్‌టైమ్ ఆటగాళ్లున్న రిజర్వ్స్ జట్లన్నీ ఆ ఏడాది గ్రాండ్ ఫైనల్ని ఇంటి నుంచి చూశాయి. (కాస్త గర్వంగానే రాస్తున్నా, మా క్లబ్బు వేరే అయినా.)

లాడర్‌ని కూడా మరీ నమ్మకు. 2024లో 21 జట్లు, ఒక్కో జట్టుకి 18 మ్యాచ్‌లు. అంటే కొన్ని జట్లతో అసలు ఆడరు. ఎవరికి బలహీనమైన జట్లు పడ్డాయి, ఎవరు క్వీన్స్‌లాండ్ విమానం ఎక్కాల్సి వచ్చింది అన్నవి పర్సెంటేజ్‌లో (వేసిన పాయింట్లకీ ఇచ్చుకున్న పాయింట్లకీ నిష్పత్తి) కనపడవు.

పెర్త్ పాతకాపు:

బాబాయ్ చెప్పినదానికి మా వైపు సాక్ష్యం. డబ్ల్యూఏఎఫ్‌ఎల్‌ని (వెస్ట్రన్ ఆస్ట్రేలియా లీగు, ఇక్కడ అందరూ వాఫుల్ అనే అంటారు) చూడండి. పీల్ థండర్ 1997లో చేరింది, ఏళ్ల తరబడి అడుగునే. 2014లో ఫ్రిమాంటిల్‌తో పొత్తు కుదిరింది, పై క్లబ్బు ఆటగాళ్లు దిగారు. 2016, 2017 వరసగా రెండు కప్పులు. మిగతా క్లబ్బుల అభిమానులు దీన్ని ఇప్పటికీ సహించరు. "మీ కప్పు అద్దె కప్పు" అంటాడు మా ఆఫీసులో ఒకాయన.

పరేడ్ పక్కింటావిడ:

అడిలైడ్ నుంచి రాస్తున్నాను. బాబాయ్ గారూ, మీరు చెప్పింది బాగుంది, కానీ ఒకచోట ఒప్పుకోను. ఫామ్ అంటే పైకి వెళ్లడానికి టికెట్ అన్నట్టు రాశారు. నార్వుడ్ ఓవల్ మా ఇంటికి నడిచే దూరం. పక్కింటి పెద్దాయన దగ్గర నేను ఫుటీ నేర్చుకున్నాను. ఆయన లెక్కలో ఎస్‌ఏఎన్‌ఎఫ్‌ఎల్ (మా సౌత్ ఆస్ట్రేలియా లీగు) దేనికీ రెండో మెట్టు కాదు. 1877 నుంచి ఉంది, అంటే ఇప్పుడు మనం చూసే పెద్ద లీగు కంటే పాతది. లీగులో ఉత్తమ ఆటగాడికిచ్చే మెగారీ మెడల్ 1898 నుంచి ఇస్తున్నారు. ఇక్కడ ఇరవై ఎనిమిదేళ్లవాడు బాగా ఆడితే "డ్రాఫ్ట్‌లో పోతాడా?" అని ఎవరూ అడగరు. "పోర్ట్ మీద ఆడతాడా?" అని, అంటే మా పాత ప్రత్యర్థి పోర్ట్ అడిలైడ్ మీద ఆడతాడా అని అడుగుతారు.

2014లో క్రోస్ (ఏఎఫ్‌ఎల్ క్లబ్బు అడిలైడ్) రిజర్వ్స్‌ని లీగులోకి తెచ్చినప్పుడు ఆయన రెండు వారాలు ఓవల్‌కి వెళ్లలేదట. మూడో వారం వెళ్లారు, అది వేరే సంగతి.

ఇంకో చిన్న విషయం, అంకెలు పోల్చేవాళ్ల కోసం. ఇక్కడ 2016లో ఒక రూల్ తెచ్చారు. తన్నిన బంతి గానీ హ్యాండ్‌బాల్ గానీ ఎవరికీ తగలకుండా గీత దాటితే అవతలి జట్టుకి ఫ్రీ కిక్. దాంతో బౌండరీ త్రో-ఇన్‌లు తగ్గాయి. గుంపులోంచి బంతి బయటికి తీసే అవకాశాలే తగ్గినప్పుడు క్లియరెన్సుల సంఖ్య కూడా తగ్గుతుంది కదా. మెల్‌బోర్న్ కుర్రాడికి ఎనిమిది, మా కుర్రాడికి ఐదు అంటే మావాడు తక్కువని కాదు.

బెంచి బాబాయ్:

అమ్మా, మీ మాటే ఖాయం. మా క్లబ్బులో ముప్పై దాటినవాళ్లు ముగ్గురున్నారు, ఒక్కరికీ డ్రాఫ్ట్ ఆశ లేదు. మ్యాచ్ ఓడితే డ్రెస్సింగ్ రూమ్‌లో వాళ్ల మొహాలు చూడలేం. తమ్ముడు అడిగింది పైనుంచి వచ్చిన కుర్రాడి గురించి కాబట్టి అటే రాసుకుపోయా. రూల్ సంగతి నాకు తట్టలేదు, మంచి మాట చెప్పారు.

టార్నీట్ నాన్న:

అందరికీ చాలా థాంక్స్. బాబాయ్ పద్ధతి ఈ శనివారం చేసి చూశాం. మావాడికి నోటు పుస్తకం ఇచ్చి మన కుర్రాడి మీదే కన్నేయమన్నా. మొదటి క్వార్టర్లో ఉత్సాహం కొద్దీ ప్రతి చుక్కకీ సున్నా చుట్టాడు. ఇద్దరం గొడవపడి రూల్ మళ్లీ రాసుకున్నాం. చివరికి లెక్క: చుక్కలు 31, సున్నాలు 6, గీతలు 9. వాడు చాలాసేపు మాట్లాడలేదు. కారులో అన్నాడు, "నాన్నా, తొమ్మిది సార్లు వాళ్లకే ఇచ్చేశాడు."

టీమ్ షీట్లూ చూశా. పది గోల్స్‌తో గెలిచిన వారం ఆడినవాళ్లలో ఏడుగురు మరుసటి వారం లేరు. ఏడుగురు!

మావాడి ప్రశ్న ఒకటి మిగిలింది, మీకే రాయమన్నాడు. మూడో క్వార్టర్లో మన కుర్రాడు దాదాపు గ్రౌండ్ ఈ చివర నుంచి ఆ చివరకి ఒక వింగర్ వెంట పరుగెత్తాడు. బంతి ఆ వింగర్ దాకా రాలేదు. దానికి ఏ గుర్తు పెట్టాలి?

బెంచి బాబాయ్:

ఆ పరుగు చూశాడా! నాకంటే నయం, నాకు అది కనపడటానికి మూడేళ్లు పట్టింది. బాణం గుర్తు వెయ్యమను, ఎటు నుంచి ఎటో. బాణాలకి వేరే పేజీ పెట్టుకోమను, చుక్కల్లో కలిపితే గజిబిజి అయిపోతుంది. పెన్ను వద్దు, పెన్సిళ్లు రెండు తీసుకెళ్లండి. వచ్చే శనివారం వాన పడేలా ఉంది.