ఫ్రీ నీళ్లు, జీరో కరెంటు బిల్లు: లాభం ఎవరికి?

ప్రశ్న: నెలకు 20 వేల లీటర్ల నల్లా నీళ్లు, 200 యూనిట్ల కరెంటు ఫ్రీ. అంతా మన పన్నుల డబ్బే కదా. హైదరాబాద్‌లో కిరాయికుండే మామూలోళ్లకు ఒరిగేదేమైనా ఉందా?

జవాబు 1: ఉందండి, కానీ అది మీటరు దగ్గరే తేలుతుంది. 20 వేల లీటర్లంటే రోజుకు దాదాపు 667. ఐదుగురుంటే తలా 133, సరిపోతాయి. తిరకాసంతా అపార్ట్‌మెంట్లలోనే. కనెక్షన్ ఒకటి, ఫ్లాట్లు పది. క్యాన్ నంబరుకు, అంటే నల్లా కనెక్షన్ ఖాతా నంబరుకు, ఆధార్ లింకైన ఫ్లాట్ల వాటానే మాఫీ. ముగ్గురు బద్ధకించారా, 60 వేల లీటర్ల మినహాయింపు పోయి ఆ భారం మెయింటెనెన్స్‌లో అందరి నెత్తినా పడుతుంది. మీటరు పనిచేయకపోయినా మాఫీ రాదు. బస్తీలకు మాత్రం మీటరు షరతు లేదు.

జవాబు 2: కరెంటుది ఇంకో లెక్క అన్నా. తెల్ల రేషన్ కార్డు ఉండాలి. 201 యూనిట్లు కాలితే ఆ ఒక్కదానికి కాదు, మొత్తానికీ బిల్లు. రోజుకు 6.6 యూనిట్లు దాటకుండా చూసుకోవాలి. మే నెలలో కూలర్, ఫ్రిజ్ రెండూ నడిస్తే కష్టమే. కిరాయిదారులకూ వర్తిస్తుంది, ఇల్లు మారినప్పుడు కొత్త సర్వీస్ నంబరుకు కార్డు జోడించుకోవాలి.

జవాబు 3: అదంతా సరే, నల్లా రాని రోజు ట్యాంకర్‌కు పెట్టే డబ్బు ఏ ఖాతాలో రాసుకోవాలి?