చెల్లె పీజీల పీఎంఆర్ తీసుకుంట అంటుంది, వికలాంగ పిల్లలకే పని చేస్తదట, ఏమంటరు?

దేవరకొండ_అన్న:
అందరికి నమస్తే. మా చెల్లె ఎంబీబీఎస్ అయిపోయింది, పీజీ ర్యాంక్ గూడ మంచిగనే వచ్చింది, పీడియాట్రిక్సో జనరల్ మెడిసినో వస్తదని ఇంట్ల అందరం ఖుషీగ ఉంటే ఆమె ఏమో పీఎంఆర్, అంటే ఫిజికల్ మెడిసిన్ అండ్ రిహాబిలిటేషన్ పెట్టుకుంట అంటుంది. ఇంటర్న్‌షిప్ చేసేటప్పుడు సీపీ (సెరిబ్రల్ పాల్సీ, మెదడు దెబ్బతిని ఒంటి కదలికలు సరిగ్గ రాని) పిల్లలు, వెన్నుపూస సరిగ్గ మూసుకోని పిల్లలు ఓపీకి వచ్చేటోళ్లట, ఒక్కో డాక్టర్ ఒక్కో ముక్క చూసి పంపిస్తరు గని పిల్లను మొత్తం చూసేటోళ్లు లేరు, ఆ పని నేను చేస్త అంటది. నాన్నకు ఆ బ్రాంచ్ పేరే కొత్త. మామయ్య అయితే ఫిజియోథెరపీ చేసుడుకు ఎంబీబీఎస్ ఎందుకు చదివినవమ్మా అన్నడు, ఆనాటి సంది ఆయనతోని మాట్లాడ్తలేదు. నాకు ఆమె మాట కొట్టెయ్యాలని లేదు. ఈ డాక్టర్లు పిల్లలకు నిజంగ ఏం చేస్తరు, మన నల్గొండ పాలమూరు దిక్కు జీవితమంతా చేసేంత పని ఉంటదా? తెలిసినోళ్లు చెప్పుర్రి.

ఆర్థో_ఫైనలియర్:
ముందు మామయ్యకు చెప్పు తమ్మీ, ఫిజియో వేరు పీఎంఆర్ డాక్టర్ వేరు, ఇద్దరూ కావాలె. సీపీ పిల్లగాడు మునివేళ్ల మీద నడుస్తున్నడు అనుకో, పిక్కల బిగుసుకున్న కండరాన్ని వదులు చేసే బోటులినం సూది ఇయ్యాల్నా, పిండికట్టు వెయ్యాల్నా, కాలును తిన్నగ పట్టి ఉంచే స్ప్లింట్ సరిపోతదా, లేకపోతే మా దగ్గరికి ఆపరేషన్‌కు పంపాల్నా అని చూసేది ఆ డాక్టరే. సూది పవర్ మూడు నాలుగు నెలలే ఉంటది, ఆ టైంల సాగదీసుడు, స్ప్లింట్, నడక ప్రాక్టీస్ అన్నీ జరిగితేనే ఫాయిదా, లేకుంటే పైసలు నీళ్లపాలు. మేం ఆపరేషన్ చేసి పంపిస్తం, కని పిల్లగాడు పెరుగుతుంటే ఎముక పెరిగినంత జల్ది బిగుసుకున్న కండరం పెరగదు, మళ్ల మళ్ల చూడాలె, పెద్దగయ్యేదాక చూడాలె.

ఒక్క జబ్బుకే జీవితం ఇచ్చినోళ్లు ఉన్నరు. పుట్టుకతోని పాదం లోపలికి తిరిగి ఉండే క్లబ్‌ఫుట్‌కు పోన్సెటి అనే డాక్టర్ అమెరికాల అయోవా యూనివర్సిటీల 1940ల చివర్ల, వారం వారం చేత్తోని పాదం సర్ది పిండికట్టు మార్చే పద్ధతి మొదలుపెట్టిండు, అందరు పెద్ద ఆపరేషన్లే చేస్తున్న రోజులు అవి, ఆయన మాట చానా ఏండ్లు పట్టించుకోలే. 2009ల 95 ఏండ్లకు పోయిండు, అప్పటికి దునియా మొత్తం ఆయన దారికే వచ్చింది. మన తెలుగోళ్లల్ల వైజాగ్ సుంకర ఆదినారాయణరావు గారు పోలియో పిల్లల ఆపరేషన్లకే జిందగీ పెట్టిండు, 2022ల పద్మశ్రీ వచ్చింది. మన దేశంల పోలియో ఆఖరి కేసు 2011 జనవరిల, దాంతోని వికలాంగ పిల్లల పని అయిపోయిందనుకుంటరు జనం. నెలలు నిండక పుట్టినోళ్లు, పుట్టంగనే ఊపిరి అందనోళ్లు బతికి ఇంటికి పోతున్నరు, తర్వాత వాళ్లను ఎవరు చూస్తరు?

అచ్చంపేట_అమ్మ:
నేను డాక్టర్ను కాదు, సీపీ పాప తల్లిని. మా పాప పుట్టంగనే ఏడ్వలే. హైదరాబాద్‌ల ఒక పెద్ద దవాఖానల ఎంఆర్ఐ చూసి ఇంక ఏం చెయ్యలేమమ్మా అని ఫైల్ చేతిల పెట్టిన్రు. తర్వాత ఒక మేడమ్ దొరికింది. ఆమె ఎంఆర్ఐ పక్కకు పెట్టి, అన్నం ఎట్ల తినిపిస్తవో చూపియ్యి అన్నది. నేను ఒళ్లె పండవెట్టుకొని తినిపిస్తుంటే మెడ వెనక్కి వాలి ప్రతి బుక్కకు పొలమారుతుండె. ఆమె పాపను నిటారుగ కూసోవెట్టి, తుంట్లు మడిచి, గదువ జర కిందికి వంచి, చెంచ ఎదురుంగ కింది దిక్కు నుంచి పెట్టమన్నది. ఆ పూట దగ్గు రాలే. మాటిమాటికి వచ్చే నిమ్ము గూడ తగ్గింది. మా ఊరి వడ్లాయనతోని మూలకు ఒరిగి కూసునే కుర్చీ చేయించినం, ముంగట పలక, కాళ్లు కత్తెర పడకుంట మధ్యల చిన్న కట్టె.

నడుస్తదా అని సుట్టాలందరు అడుగుతరు, ఆ మేడమ్ నడుస్తదని ఎన్నడు ఆశ పెట్టలే. బాత్రూం వస్తే ఎట్ల చెప్తది, బడిల ఎంతసేపు కూసుంటది, దేన్ని చూస్తే నవ్వుతది, ఇవి అడిగేది. నా బిడ్డ గురించి అట్ల అడిగినోళ్లు ఆమెకు ముందు ఎవ్వలు లేరు. ఆమె ట్రాన్స్‌ఫర్ అయి పోయింది, ఆమె జాగల ఇంకా ఎవ్వలు రాలే. మీ చెల్లెను ఆపకుర్రి అన్నా.

భవిత_టీచర్_పాలమూరు:
పని ఉంటదా అని అడిగిన్రు కదా, వికలాంగ పిల్లల కోసం సర్కారు నడిపే మా భవిత సెంటర్‌కు రండి చూపిస్త. మేం చదువు చెప్తం, వారంల ఒకరోజు ఫిజియో వస్తరు. 2013 సంది ఆర్‌బీఎస్‌కే అనే సర్కారు పిల్లల ఆరోగ్య పథకం టీములు అంగన్‌వాడీలకు, బడులకు తిరిగి పిల్లలను గుర్తువడుతున్నయి, జిల్లా దవాఖానల డీఈఐసీకి, అంటే పిల్లల లోపాలకు జల్ది చికిత్స మొదలువెట్టే సెంటర్‌కు పంపుతరు, గుర్తువట్టుడు వరకు మంచిగనే నడుస్తది, అక్కడినుంచే కష్టం. మా దిక్కు వలసలు తెలుసు కదా, తల్లిదండ్రులు పూణె బొంబాయి పోతరు, పిల్ల అవ్వ దగ్గర ఉంటది, స్ప్లింట్ చిన్నగై కాలు ఒరుసుకపోయినా అవ్వకు తెల్వదు, తీసి అటక మీద పెడ్తది. అవ్వకు అర్థమయ్యేటట్టు కూసొని చెప్పే డాక్టర్ కావాలె. సర్టిఫికెట్ రాసి పంపేటోళ్లు గాదు.

పైసల సంగతి గూడ నిజమే చెప్పాలె. మెడికల్ కాలేజీలు మహబూబ్‌నగర్ల 2016ల, నల్గొండల 2019ల వచ్చినయి, కని పీఎంఆర్ పోస్టులు ఆర్థో లెక్క పడవు, కార్పొరేట్‌ల చేరితే పక్షవాతం కేసులే ఎక్కువ ఇస్తరు, పిల్లల పని చెయ్యాలంటే ఆమె సొంతంగ పట్టుబట్టాలె.

మర్రిగూడ_నీళ్లు:
మా ఊర్లను మర్చిపోకుర్రి. 1973లనే హైదరాబాద్ ఎన్ఐఎన్ (జాతీయ పోషకాహార సంస్థ) డాక్టర్లు ఫ్లోరైడ్ ఊర్ల పిల్లలకు మోకాళ్లు ఒకదానికొకటి ఒరుసుకునేటట్టు కాళ్లు వంగుడు గురించి లాన్సెట్ అనే డాక్టర్ల పత్రికల రాసిన్రు. ఇప్పుడు కృష్ణా నీళ్లు వస్తున్నయి, సంతోషమే, కని వంగిన ఎముక నీళ్లు మారినంత మాత్రాన తిన్నగ గాదు. వాళ్లు ఇప్పుడు పెద్దోళ్లయిన్రు, వాళ్లకు గూడ ఈ డాక్టరే కావాలె.

ఆర్థో_ఫైనలియర్:
సీటు కోసం వేలూరు సీఎంసీ, ముంబై హాజీఅలీ దగ్గరి ఆలిండియా ఫిజికల్ మెడిసిన్ ఇన్‌స్టిట్యూట్ గూడ చూడమను. వేలూరుల ఈ పని నిలబెట్టింది డాక్టర్ మేరీ వర్గీస్, 1954ల కారు యాక్సిడెంట్ అయి కాళ్లు పడిపోయినంక వీల్‌చైర్‌ల కూసొనే కుష్ఠు రోగుల చేతులకు ఆపరేషన్లు చేసింది, న్యూయార్క్ పోయి రిహాబ్ నేర్చుకొని వచ్చింది, 1966ల అక్కడ రిహాబ్ ఇన్‌స్టిట్యూట్ మొదలైంది. నాన్నకు ఆమె కథ చెప్పు.

దేవరకొండ_అన్న:
అందరికి చానా థ్యాంక్స్. నాన్నకు అన్నీ చదివి వినిపించిన, అచ్చంపేట అక్క రాసింది రెండుసార్లు చదివించుకున్నడు. పెట్టుకోనియ్యిరా అన్నడు. అక్కా, చెల్లె ఆ కుర్చీ ఫొటో, కొలతలు అడుగుతుంది.

అచ్చంపేట_అమ్మ:
ఫొటో పొద్దుగాల పెడ్త. కొలతలు మా పాపవి, ఇంకో పిల్లకు సరిపోవు, తుంటి నుంచి మోకాలు దాక, మోకాలు నుంచి మడమ దాక ఆ పిల్లవే కొలిచి చేయించమను, ఏడాదికోసారి మళ్ల కొలవాలె.